ఫగ్వా తెల్లారి బూడిద

హేగ్ నగరంలో సుర్సతీ బిసేసర్ అంటే ఎవరికీ తెలియదు. పాంట్లు పొట్టి చేసే సుర్సతీ దీదీ అంటే మాత్రం ఆ పేటలోని హిందుస్తానీ ఇళ్లన్నిటికీ తెలుసు. ట్రామ్ మలుపు దగ్గర ఒక చిన్న కుట్టు దుకాణంలో ముప్పై ఏళ్లుగా జిప్పులు మార్చింది, అంచులు మడిచి కుట్టింది. నోట్లో నాలుక లేని మనిషి. మందిరంలో మీటింగు జరిగితే చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చుని, అందరికంటే ముందు లేచి టీ గ్లాసులు తీసేది. అలాంటి సుర్సతీ నగర సభలో మైకు ముందు నిలబడి మాట్లాడబోతోందని తెలిసినప్పుడు పేటంతా ముక్కున వేలేసుకుంది.

ఆమె చేత ఆ పని చేయించింది హరిదత్ భైయా. ఆమె సొంత అన్న.

హరిదత్ ఆమెకంటే పదిహేనేళ్లు పెద్ద. సూరినామ్‌లో, ముత్తాతలు కూలికి వలసపోయిన నికేరీ వరి పొలాల మధ్య వాళ్ల ఇల్లు. బాప్ తొందరగా పోతే మాయికి తోడుగా చెల్లెల్ని అతనే పెంచాడు. తను ముందు హేగ్ వచ్చి, గాజు కప్పు తోటల్లో టమాటాలు కోసి, రెండేళ్లకు ఆమెను రప్పించుకున్నాడు. విమానం దిగిన రోజు ఆమెకు పంతొమ్మిదేళ్లు. చలికి వణుకుతుంటే తన కోటు విప్పి కప్పి, "భయపడకు. ఇక్కడ కూడా ఫగ్వా వస్తుంది" అన్నాడట.

వాళ్లు ఫగ్వా అనే హోలీ వచ్చేది. కానీ సగమే వచ్చేది.

నికేరీలో ఫగ్వా ముందు సాయంత్రం హోలికా కాల్చేవాళ్లు. తెల్లవారీ తెల్లవారకముందే హరిదత్ చెల్లెల్ని భుజాన ఎక్కించుకుని ఆ చోటికి వెళ్లేవాడు. కింద నిప్పు ఇంకా వెచ్చగా ఉండేది. పిడికెడు రాఖ్, అంటే బూడిద, తెచ్చి మాయి పాదాలకు పెట్టి, చెల్లెలి నుదుట రాసేవాడు. రంగులు ఆ తర్వాతే. బూడిద ముట్టని ఇంట్లో ఫగ్వా మొదలైనట్టు కాదు.

హేగ్‌లో పేట పార్కులో మంట వేయడానికి అనుమతి దొరికి చాలా ఏళ్లయింది. అయితే మంట తగ్గగానే అగ్నిమాపక సిబ్బంది గొట్టాలతో నీళ్లు కొట్టేవాళ్లు. ఆ బురదను బండి ఎత్తుకుపోయేది. అది రూలు. పార్కులో తెల్లారి మిగిలేది తడి నేల మాత్రమే. హిందుస్తానీ సంఘం పెద్దలు ఏటా నగర సభను వేదిక అడిగారు, మైకులు అడిగారు, మేయరును దండ వేయించుకోవడానికి రమ్మన్నారు. బూడిద అడగాలని ఎవరికీ తోచలేదు.

హరిదత్ వృద్ధుల ఆశ్రమంలో చేరి మూడేళ్లయింది. జ్ఞాపకం ఒక్కో గది ఖాళీ చేసుకుంటూ పోతోంది. భార్య పోయిన సంగతి మరిచాడు, డచ్చి భాష మరిచాడు. ఫగ్వా నాడు మాత్రం, తెల్ల కుర్తా వేసుకొచ్చిన చెల్లెల్ని చూడగానే చెయ్యి చాపేవాడు.

"రాఖ్ తెచ్చావా?"

మొదటి రెండేళ్లూ లేదంది. మూడో ఏడు ఆ ముఖం చూడలేక దేవుడి దగ్గరి బూడిద పొట్లం కట్టి తీసుకెళ్లింది. అతను వాసన చూశాడు.

"ఇది అగర్‌బత్తీది. నేనేం పిచ్చోణ్ణా?" అని గోడవైపు తిరిగిపోయాడు.

ఈ చలికాలంలో ఒకరోజు ఆమెను చూసి, "నర్సమ్మా, మా చెల్లెలొస్తే లోపలికి పంపండి" అన్నాడు. ఇక ఒక్క ఫగ్వా మిగిలిందేమో. అది కూడా మిగులుతుందో లేదో.

మర్నాడే సంఘం కార్యదర్శి జంకీపర్సాద్ ఇంటికి వెళ్లింది.

"బూడిదా?" అన్నాడతను. "దీదీ, నేను అక్కడ మన బడికి స్థలం అడుగుతున్నాను. శ్మశానంలో మన పద్ధతులకు టైము పెంచమని అడుగుతున్నాను. మధ్యలో బూడిద కావాలంటే నవ్వరూ?"

"నవ్వనీ బాబూ. నవ్వి ఇస్తే చాలు."

"సరే, నువ్వే అడుగు. ఊళ్లో ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. కానీ అనుమతి కాగితం ఇప్పుడే పెట్టాలి, రెండు నెలల ముందు. తారీఖు నేను రాసేస్తాలే."

సభ రోజున ఆమె కుట్టుకూలి చీటీ వెనక రాసుకొచ్చిన నాలుగు ముక్కలూ రెండు నిమిషాల్లోనే అయిపోయాయి. అధ్యక్ష స్థానంలో ఉన్నావిడ కళ్లజోడు సర్దుకుంది.

"మా రూల్లో బూడిద చెత్త కిందికి వస్తుందమ్మా. దాన్ని మీరు ఏం చేస్తారు?"

"నుదుట పెట్టుకుంటామండీ."

"అందరూనా?"

"అందరి సంగతీ నాకు తెలీదు. నేను మా అన్నకి పెడతాను. ఆయన మూడేళ్లుగా అడుగుతున్నాడు."

ఎవరూ నవ్వలేదు. పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. శనివారం సాయంత్రం మంట వేయవచ్చు. ఇద్దరు కాపలా ఉంటే బూడిదను ఆదివారం ఉదయం తొమ్మిది దాకా అలాగే ఉంచవచ్చు. సుర్సతీ ఆ ఉత్తరాన్ని బట్టలు కత్తిరించే బల్లకు పిన్నుతో గుచ్చి, వచ్చినవాళ్లందరికీ చూపించింది.

పండగ పది రోజులుందనగా మందిరం పూజారి సుఖ్‌నందన్ పండిత్‌జీ దుకాణానికి వచ్చాడు. ఆ ఉత్తరం చదివి కూలబడ్డాడు.

"శనివారం ఎవడు రాశాడు?"

జంకీపర్సాద్ రాశాడు. కాశీ నుంచి బంధువులు పంపిన పంచాంగం చూసి రాశాడు. కాశీలో శనివారం చీకటి పడేదాకా పున్నమి ఉంది. గడియారం నాలుగున్నర గంటలు వెనకుండే హేగ్‌లో ఆ పున్నమి మధ్యాహ్నానికే వెళ్లిపోతుంది. ఇక్కడ హోలికా శుక్రవారమే. తారీఖు ఏటా పండిత్‌జీ చెప్పేవాడు. ఈసారి తొందరలో ఎవరూ ఆయన్ని అడగలేదు.

"చందమామ తప్పు చేసిందంటాడా నీ కార్యదర్శి?" అన్నాడు పండిత్‌జీ. "పున్నమి పోయాక కాల్చింది హోలికా కాదు, చలిమంట. దాని బూడిద నీ భైయాకి పెడతావో, గిన్నెలే తోముకుంటావో నీ ఇష్టం."

సుర్సతీ ఆ వారమంతా నగర కార్యాలయానికి కాళ్లరిగేలా తిరిగింది. కిటికీ వెనకున్న అమ్మాయి మంచిదే.

"తారీఖు మార్చాలంటే ఆరు వారాలు పడుతుందండీ."

"పున్నమి ముందే వస్తోందమ్మా."

"పున్నమి వచ్చి సంతకం పెట్టినా ఆరు వారాలే" అని, ఆమె ముఖం చూసి, "క్షమించండి" అని ఆ అమ్మాయి తల దించుకుంది.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించబోయి సుర్సతీ ఆగిపోయింది. గ్యాసు మీట తిప్పితే మంట. నికేరీలో మాయి అగ్గిపుల్ల గీయడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మాయి రాత్రి నిప్పును బూడిదలో కప్పి, పొద్దున ఊది లేపేది. అది ఏ ఏటి నిప్పో ఎవరికీ తెలియదు.

కొంగు సర్దుకుని మందిరానికి పరుగెత్తింది.

"పండిత్‌జీ, శుక్రవారం మీ హవన కుండంలో హోలికా కాలుస్తారు కదా? అది చల్లారకుండా నేను కాపాడితే? శనివారం పార్కులో దాంతోనే అంటిస్తే?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఆరకపోతే అదే అగ్ని. తిథి మారినా అగ్ని మారదు. కానీ ఒక రాత్రీ ఒక పగలూ ఆగాలి. ఆగుతుందా?"

"మా మాయి ఆపేది."

"మీ మాయి చేసేది సరే. నువ్వెప్పుడైనా చేశావా?"

చేయలేదు. చూసింది అంతే.

శుక్రవారం సాయంత్రం కుండంలోంచి కణకణలాడే నిప్పులు ఇనుప దాకలోకి ఎత్తుకుంది. అడుగున బూడిద, మధ్యన నిప్పు, పైన మళ్లీ బూడిద. ఇంట్లో పెడితే పొగ గంట మోగి మేడంతా దిగొస్తుందని పెరట్లో రేకు కింద పెట్టింది. రాత్రి రెండుసార్లు లేచి చెయ్యి పెట్టి చూసింది. పొద్దున కాస్త తెరిస్తే ఒక్క ఎర్రటి కన్ను కనిపించింది. ఓవెన్‌లో ఆరబెట్టిన బొగ్గు ముక్క పక్కన చేర్చి, ఊది, మళ్లీ కప్పేసింది. పక్కింటి డచ్చి ముసలాయన కంచె మీంచి తొంగిచూశాడు.

"కోడిని కాలుస్తున్నావా సుర్సతీ?"

"లేదండీ. నిద్రపుచ్చుతున్నాను."

శనివారం పార్కులో జంకీపర్సాద్ ఎదురొచ్చాడు. "దీదీ, ఉందా?"

ఆమె మూత తీసింది. పండిత్‌జీ వంగి ఎండుగడ్డి పెట్టి ఊదాడు. మొదట పొగ వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. ఆ తర్వాత గడ్డి భగ్గుమంది. డోలకులు అందుకున్నాయి.

ఆదివారం తెల్లవారకముందే ఆమె పార్కుకు వెళ్లింది. కాపలా ఉన్న ఇద్దరూ కుర్చీల్లో ముడుచుకుని ఉన్నారు. బూడిద పైన మంచు కురిసి తడిగా ఉంది, లోపల మాత్రం వెచ్చగా ఉంది. పిడికెడు తీసుకుంది. వెనక్కి చూస్తే, చలికోట్లలో ఆడవాళ్లూ పిల్లల్ని ఎత్తుకున్న మగవాళ్లూ గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆశ్రమంలో హరిదత్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూశాడు. చెయ్యి చాపలేదు. రాఖ్ అనలేదు.

సుర్సతీ అతని కాళ్ల దగ్గర కూర్చుని పాదాలకు బూడిద పెట్టింది. అరచేతిలో మిగిలింది అతని ముక్కు దగ్గరకు తీసుకెళ్లింది. అతను వాసన చూశాడు. మళ్లీ చూశాడు. వేలు అద్ది ఆమె నుదుట అడ్డంగా రాశాడు.

"మంచు పడిందే, తడిసింది" అన్నాడు. "కానీ ఇదే."

ఆమె మిగిలిన బూడిద అతని నుదుట పెట్టింది.

"పద సుర్సతీ. చాలాసేపయింది, మాయి ఎదురుచూస్తుంటుంది." మంచం దిగి బూట్ల కోసం కాళ్లతో వెతుక్కున్నాడు. "పొలం గట్టు మీద నువ్వు నడవలేవు. నా భుజం ఎక్కు."

సుర్సతీ బూట్లు తెచ్చి అతని కాళ్లకు తొడిగింది. ఒక లేసు ముడివేసింది. రెండోది అందుకుని, అది ఎంత నెమ్మదిగా ముడిపడితే అంత మంచిదన్నట్టు, తల ఎత్తకుండా కట్టసాగింది.