పావురాల బురుజు ముందు ముగ్గు

జహ్రాకు పోవాలని ఎవరూ ఉబలాటపడే రోజులు కావవి. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి కొన్ని వారాలైంది. ఫర్వానియాలో మా గదివాళ్లంతా జోర్డాన్‌కు పోయే మర్నాటి అమ్మాన్ బస్సుకు మూటలు కడుతున్నారు. నేను మాత్రం మా ఆవిడ లక్ష్మీదేవిని వెతుక్కుంటూ బయలుదేరాను. ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, పనివాళ్లందరూ మామా అని పిలిచే ఆవిడ, పిల్లలతో, లక్ష్మితో సహా జహ్రాలోని తాతలనాటి తోటలో దాక్కుందని కబురు. లక్ష్మి పాస్‌పోర్టూ మామా దగ్గరే. అది లేనిదే బస్సెక్కనివ్వరు.

పొద్దున ఆరింటికి మా రాయచోటి మస్తాన్ పికప్‌లో ఎక్కాను. పెట్రోలుకు రెండు దీనార్లు ఇవ్వబోతే నా చెయ్యి తోసేశాడు. దారిలో టిఫిను ఖుబ్బూస్ రొట్టె, ఉల్లిపాయ. చెక్‌పోస్టు కనబడగానే నేను బిక్కచచ్చిపోయాను.

"అన్నా, మొగం అట్ట పెట్టుకుంటే దొంగలనుకుంటారు. నగుతా ఉండు," అన్నాడు మస్తాన్.

నవ్వాను. సిపాయి కూడా నవ్వి, నా సిగరెట్ పెట్టె లాక్కుని వదిలేశాడు.

తోట చేరేసరికి ఎనిమిది. ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఒక్క మనిషీ లేడు. అప్పుడు కనబడింది ఖర్జూరపు చెట్ల వెనక ఆ బురుజు. అబ్బ, ఏం కట్టడమండీ! గుండ్రటి మట్టి గోడ పైకి పోనుపోను సన్నబడుతోంది. మెట్లు బయటినుంచే దాన్ని చుట్టుకుంటూ ఎక్కుతున్నాయి. గోడనిండా గూళ్లు, గూటినిండా పావురాలు. చెట్లకు వాటి ఎరువు కోసం మామా ముత్తాత కట్టించాడట. వచ్చిన పని మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాను. కిందికి చూస్తే బురుజు గుమ్మం ముందు సున్నంతో చుక్కల ముగ్గు!

ఎగిరి గంతేశాను. జహ్రాలో ముగ్గేసేది ఇంకెవరు? మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. దాక్కున్నవాళ్ల గుమ్మానికి ముగ్గేమిటి? కాలితో గబగబా చెరిపేస్తుంటే తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, పొద్దున్నే ఏసిన ముగ్గు తొక్కుతాండావు?" అంది లక్ష్మి.

"సిపాయిలు సూస్తే?"

"నాకు గెవనమే లేదయ్యా. లేస్తానే చెయ్యి అదే ఏసేస్తాది."

కోప్పడదామనుకున్నాను, ఏడుపొచ్చింది. లోపలి గోడకూ గూళ్లే. మామా ఒక గూట్లో పావురాన్ని జరిపి, సిపాయిల కంట పడకుండా దాచిన పాస్‌పోర్టు రెట్టలతో సహా తీసిచ్చింది. పిల్లలతో ఆవిడ ఆ సాయంత్రమే సౌదీకి వెళ్లిపోతోందట. "ఖలాస్, యల్లా," ఇక అయిపోయింది, బయలుదేరు అంటూ లక్ష్మిని కావలించుకుంది.

మర్నాడు బస్సెక్కి, బస్రా, బాగ్దాద్ దాటి, దుమ్ము తింటూ జోర్డాన్ గుడారాలకు చేరాం. సరిహద్దు అధికారి ఆ పాస్‌పోర్టు మీద ముక్కు మూసుకుని ముద్ర వేశాడు. ఇన్నేళ్లలో అంత వింత కట్టడం నేను మళ్లీ చూడలేదు. మీరు జహ్రా వెళ్తే అడగండి, నిలిచి ఉంటే మెట్లెక్కండి. నాకు ఆ తీరిక దొరకలేదు.

జోర్డాన్ చేరిన మర్నాడు తెల్లారి లేచేసరికి మా గుడారం ముందు ఇసుకలో వేలితో గీసిన చుక్కల ముగ్గు ఉంది. ఈసారి తొక్కకుండా పక్కనుంచి నడిచి, నీళ్ల వరసలో నిలబడ్డాను.