మూడు కుర్చీల దేశం

నువ్వులు, పుల్లటి ఆకుల పొడి, ఆలివ్ నూనె రాసి కాల్చిన లెబనాన్ రొట్టె వాసన ఇవాళ పొద్దున మా వీధి చివరి దుకాణంలో ముక్కుకు తగిలిందో లేదో, పాలు కొనడం మరిచిపోయి, వెస్ట్‌మీడ్ ఆసుపత్రి వెనక మేమున్న ఎర్ర ఇటుకల ఫ్లాట్లకు, నా తొమ్మిదో ఏటికి వెళ్లిపోయాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకం హడలిపోతున్న రోజులవి. వాటిని సరిచేసే ఉద్యోగం మీద నాన్న మమ్మల్ని నెల్లూరు నుంచి తెచ్చి అక్కడ పెట్టాడు. కింది ఫ్లాట్‌లో తెరేసా ఆంటీ, లెబనాన్‌లో పొగాకు వ్యాపారం చేసిన క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. పై ఫ్లాట్‌లో జైనబ్ ఆంటీ, ఆ పొగాకు పండించిన షియా కౌలురైతు కూతురు, ఆసుపత్రిలో గదులు తుడిచేది. ఆమె కూతురు మరియమ్ అంటే నాకు ప్రాణం. తెరేసా ఆంటీ పెరట్లో అత్తిచెట్టు నీడ, ప్లాస్టిక్ నీళ్లతొట్టి, గిన్నెడు చెర్రీపళ్లు, వేసవి సెలవులన్నీ నావే. మరియమ్‌ని మాత్రం వాళ్లమ్మ ఆ గడప తొక్కనిచ్చేది కాదు. ఒక్కదాన్నే నీళ్లలో కూర్చుని ఏం ఆడతాను, నా మొహం!

తెరేసా ఆంటీ పిండి పిసుకుతూ తన దేశం పుట్టిన కథ చెప్పేది. ఫ్రెంచివాళ్లు సరిహద్దు గీశారట, అధికారంలో పెద్ద కుర్చీ క్రైస్తవులకు, రెండోది సున్నీలకు, మూడోది షియాలకు అని పెద్దలు పంచుకున్నారట, అందరికీ న్యాయం జరిగిందట. నేను పరుగున పైకెళ్లి అది ఒప్పజెబితే జైనబ్ ఆంటీ నవ్వింది.

"ఆ మూడో కుర్చీలో కూర్చుంది ఎవరు? మా జమీందారే! మా నాన్న అటు ఆయన ముందూ, ఇటు తెరేసా వాళ్ల ముందూ నిలబడే బతికాడు. నా కూతురు నిలబడదు."

నా బుర్రకు అదేమీ ఎక్కలేదు, మరియమ్ ఇక కిందికి రాదని మాత్రం ఏడుపు వచ్చింది.

ఆ డిసెంబరులోనే రంజాన్. భూగోళానికి ఈ కింది కొసన డిసెంబరంటే నడివేసవి. ఎనిమిది దాటితేగాని పొద్దుగుంకని ఎండల్లో రోజా ఉంటూనే అమ్మ గంజి కాచి, వడలు వేసి, నా ఏడుపు చూడలేక ఒక సాయంత్రం ఇద్దరు ఆంటీలనూ పిలిచేసింది. ఎవరికి ఎవరంటే పడదో మా అమ్మకు ఎప్పుడూ పట్టేది కాదు. నేలమీద భోజనాల గుడ్డ పరిచి, మోకాళ్ల నొప్పుల తెరేసా ఆంటీకి మాత్రం ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేసింది. అది చూడగానే జైనబ్ ఆంటీ, పగలంతా ఉపవాసమున్న మనిషి, ఇచ్చిన ఖర్జూరమైనా నోట్లో వేసుకోకుండా గుమ్మంలో నిలబడిపోయింది. వెనక్కి వెళ్లిపోతుందేమోనని నా భయం.

"యాడ కూర్చుంటే ఏందమ్మా, గంజి చల్లారిపోద్ది!" అని అమ్మ ఇంగ్లీషు మరిచిపోయి ఒకటే గోల.

తెరేసా ఆంటీ ఓసారి కుర్చీని, ఓసారి జైనబ్ ఆంటీని చూసింది. కుర్చీని గోడ దగ్గరికి నెట్టేసి, మూలుగుతూ నేలమీద చతికిలబడింది. జైనబ్ ఆంటీ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. తిన్నాక చూడాలి తమాషా, పెద్దావిడ లేవలేకపోయింది! జైనబ్ ఆంటీ రెండు చేతులూ అందించి లాగితే లేచింది. ఇద్దరూ అరబ్బీలో ఏమనుకున్నారోగాని పగలబడి నవ్వారు. మర్నాడు నేను వెళ్లేసరికే మరియమ్ నీళ్లతొట్టిలో ఉంది. అబ్బ, ఆ సంతోషం ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఫ్లాట్లు కూల్చి అద్దాల మేడలు కట్టారు. అత్తిచెట్టు లేదు, ఆంటీలిద్దరూ పోయారు. మరియమ్ మాత్రం ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తుంది. బెల్లు కొట్టదు, గుమ్మంలో ఆగదు, ఏం వండావంటూ సరాసరి వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలు తీస్తుంది.