లల్లా ఆగే చోటు

ఈ తూదా నోరు మంచిది కాదని మా తిజ్గి లోయంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. మా ఇట్టో వదిన సంగతి మాత్రం నా నోటితోనే వినాలి. ఆవిడ తన గురించి ఒక్క ముక్క చెప్పుకోదు. మా అన్నయ్య హమ్ముకేమో తన కంచర గాడిద గురించి తప్ప మరో మాట రాదు.

మాది కొండ మీద రాతి ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు గదులు పట్నం వాళ్ళకు అద్దెకిస్తాం. మా ఊరికి మోటారు దారి లేదు. కింద గురువారం సంత దగ్గర వాళ్ళు బండి దిగితే, అన్నయ్య గాడిద మీద ఎక్కించుకుని పైకి తెస్తాడు. దారిలో ఊట దగ్గర దించి నీళ్ళు తాగిస్తాడు, జలపాతం దగ్గర దించి కాళ్ళు తడిపిస్తాడు, గద్దబండ మలుపులో దించి లోయ చూపిస్తాడు. మర్నాడు పై చెరువు దాకా నడిపిస్తాడు, ఓపికున్నవాళ్ళను మంచు కనుమ దాకా. వాళ్ళు ఎక్కుతారు, దిగుతారు, ఫోటోలు తీసుకుంటారు, "అబ్బ!" అంటారు.

ఆ "అబ్బ" వింటే వదినకు ఒళ్ళు మంట. ఎందుకుండదు చెప్పండి? పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు కాల్చి, మాంసం కుండ బొగ్గుల మీద పెట్టి, వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూ ఉంటుంది. వీళ్ళేమో గద్దబండ దగ్గర దిష్టిబొమ్మల్లా నిలబడిపోతారు.

"రాళ్ళకేసి చూస్తే కడుపు నిండుతుందా తూదా? అవతల నా రొట్టె చల్లారిపోతోంది!" అని నా మీద అరిచేది, నేనేదో వాళ్ళను పట్టుకుని ఆపినట్టు.

వదిన మాత్రం ఏనాడూ ఆ మలుపులో ఆగింది లేదు. కాపురానికి వచ్చిన రోజు ఆ దారినే కంచర గాడిద మీద ఎక్కించి తెచ్చారు, కానీ పెళ్ళికూతురి మొహం నిండా ఎర్ర ముసుగు. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిచినా వీపు మీద కట్టెల మోపో, గడ్డి మోపో. మోపు ఉన్నవాళ్ళు కాళ్ళకేసి చూసుకుంటారు గానీ లోయకేసి చూడరు కదా.

ఇక టీ పోయడం చూడాలి వదినది! తల ఎత్తున కూజా పట్టుకుని పోస్తే కింద చిన్న గాజు గ్లాసులో నురగ కట్టేది, చుక్క బయట పడేది కాదు. పోయిన చలికాలం ఒక పెద్దమనిషి మోకాలి మీద పోసింది. ఆయన గెంతాడు. వదిన నవ్వేసి, చెయ్యి జారిందంది. చెయ్యి జారడమా! ఆ రాత్రి పిండి పిసుకుతుంటే వెళ్ళి ఆవిడ మొహం ముందు నా వేళ్ళు ఆడించాను. రెప్ప వెయ్యలేదు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లోనూ పాలు పోసినట్టు తెల్లటి పొర.

"మీ అన్నయ్యకు చెప్పకు," అంది నెమ్మదిగా. "ఇంట్లో ప్రతి గిన్నే చేతికి తెలుసు. పని ఆగట్లేదు కదా."

చెప్పకుండా ఉంటానా? తెల్లారేసరికి చెప్పేశాను. కంటి డాక్టర్లు ఏడాదికి ఒక్కసారి సంత ఊరి ఆసుపత్రికి వస్తారు, ఒక్క రోజే. మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినపడేలోపు వచ్చిన వాళ్ళకే ఆపరేషను. పోయిన ఏడాది కూడా వచ్చారట. అతిథులున్నారని వదిన వెళ్ళలేదు, ఎవరికీ చెప్పనూ లేదు! ఈసారి తప్పితే ఆ కుడి కన్నూ మిగలదని నాకు అర్థమైపోయింది.

డాక్టర్లు వచ్చే రోజు పొద్దున్నే బయల్దేరాం. అన్నయ్య వదినను గాడిద మీద కూర్చోబెట్టాడు. మేమెవ్వరం దాన్ని ఎక్కం, అది అతిథులది. దాని పేరు లల్లా, అంటే మాలో దొరసాని అన్నమాట. కట్టుకున్న పెళ్ళాన్ని ఏనాడైనా అంత ముద్దుగా పిలిచాడా, అడగండి.

గద్దబండ మలుపు రాగానే లల్లా టక్కున ఆగింది.

"పదవే," అన్నాడు అన్నయ్య. కదల్లేదు. తాడు పట్టి లాగాడు. చెవులు వెనక్కి పెట్టి మొండికేసింది. నేను వెనక నుంచి తోశాను. అబ్బే! ఎండేమో ఎక్కుతోంది.

"ఏమైందన్నయ్యా దీనికి? పిండి బస్తాలు వేస్తే సంత దాకా ఎక్కడా ఆగదే!"

అన్నయ్య బుర్ర గోక్కున్నాడు. "బస్తాలు వేరు తూదా. మనిషి ఎక్కితే ఇక్కడ దించాలని దాని లెక్క."

"దించి?"

"దించి... నేను నాలుగు మాటలు చెబుతాను. ఆ మాటలు అయితే గానీ కదలదు."

"చెప్పి చావు మరి!"

వదినను దించాం. అన్నయ్య నా వంక సిగ్గుగా చూసి, గొంతు సవరించుకుని, చెయ్యి చాపి మొదలుపెట్టాడు. "మదాం, ఇది మా గొప్ప లోయ. అటు మంచు కొండ. ఇటు నది. చాలా బాగుంది. ఫోటో? బాగుందా? మరి పోదామా!"

"పోదామా" అనగానే లల్లా బుద్ధిగా అడుగు ముందుకేసింది. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇన్నేళ్ళూ వాళ్ళకు చెప్పేది ఇదేనా? మదాం అన్నావుగా, సరిగ్గా చెప్పవయ్యా. ఏముంది అక్కడ?"

"అదే... కొండ."

"దానికేనా నా రొట్టెలు చల్లార్చింది?"

అప్పుడు అన్నయ్య నిజంగా అటు తిరిగాడు. ఎప్పుడూ వచ్చినవాళ్ళు చూస్తుంటే తను లోయకు వీపు పెట్టి జీను పట్టీ బిగించుకునే మనిషి.

"చేలున్నాయే," అన్నాడు. "మడికో రకం పచ్చ. మధ్యలో నది... సన్నగా ఉంది. ఆ చివర ఏదో... నాకు చెప్పడం రాదే ఇట్టో."

వదిన నవ్వడం మానేసింది. "అదే నా భయం. ఈ కన్ను కూడా పోతే ఇక నీ నోటితోనే చూడాలి నేను. నీకేమో మాటలు రావు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికి టైమెక్కడిది? లల్లాను దాని ఏడు తరాలూ కలిపి తిట్టి, వదినను మళ్ళీ ఎక్కించాను.

జలపాతం దగ్గర మళ్ళీ ఆగింది. ఊట దగ్గరా ఆగింది. అన్నయ్య ఆయాసపడుతూనే "మదాం నీళ్ళు చల్లన బాగుందా మరి పోదామా" అని ఒక్క గుక్కలో అప్పజెప్పాడు. దారిలో ఎదురొచ్చిన వాళ్ళు హమ్ముకు మతి పోయిందనుకుని ఉంటారు. సంత ఊరి మసీదు కనపడే సరికే మైకు గరగరమంటోంది.

మేం ఆసుపత్రి మెట్లెక్కుతుంటే పిలుపు మొదలైంది. లోపలి నర్సు తలుపు వేస్తోంది.

"అయిపోయిందమ్మా, వచ్చే ఏడాది రండి."

తలుపు సందులో నా కాలు పెట్టేశాను. "వచ్చే ఏడాదికి ఈవిడకు కన్నుండదు! నా కాలు విరగ్గొట్టి వేసుకో తలుపు. డాక్టర్లు లోపలే ఉన్నారుగా, దానికీ కట్టు కడతారు!" అని సంతంతా వినపడేలా అరిచాను. లోపల్నుంచి ఎవరో ముసలి డాక్టరు నవ్వుతూ, "రానివ్వమ్మా, లేకపోతే ఈవిడ మనల్ని నమాజు చేసుకోనిచ్చేలా లేదు," అన్నాడు. మంచిది కాదన్న నోరే పనికొచ్చింది, చూశారా?

మర్నాడు పొద్దున కుడి కంటి కట్టు విప్పారు. వదిన ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత అన్నయ్యను చూసి, "గడ్డం ఎప్పుడు నెరిసింది నీకు?" అంది. ఆయన గడ్డం తడుముకుంటూ నవ్వాడు, కళ్ళలో నీళ్ళు.

అప్పటికే ఇంట్లో కొత్త అతిథులు కాలినడకన వచ్చి దిగారని కబురొచ్చింది. పక్కింటి ఇజ్జా రొట్టెలు కాలుస్తానంది గానీ ఆవిడ చేతి కూర వాళ్ళు తినలేరు. గబగబా బయల్దేరాం. ఊట దగ్గరా, జలపాతం దగ్గరా వదిన దిగి, చూసి, మళ్ళీ ఎక్కింది.

గద్దబండ దగ్గర లల్లా ఆగింది. వదిన దిగి అంచు దాకా నడిచింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. గాలికి ముసుగు మొహం మీద పడుతుంటే రెండు చేతులతో వెనక్కి లాగి పట్టుకుంది. నేను ఆవిడనే చూస్తూ నిలబడ్డాను. పైన మా ఇంటి పొగ కూడా అక్కణ్ణుంచి కనిపిస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

అన్నయ్య చెప్పే మాటలు చెప్పేశాడు. "బాగుందా? మరి పోదామా!" లల్లా అడుగు వేసింది. వదిన వెయ్యలేదు. లల్లా వెనక్కి తిరిగి చూసి, నేలను గిట్టతో కొట్టింది. అన్నయ్య ఇంకోసారి "పోదామా" అన్నాడు.

ఇక నేనే దగ్గరకెళ్ళి భుజం మీద చెయ్యేశాను.

"వదినా, అవతల రొట్టె చల్లారిపోతోంది."

"చల్లారనీ," అంది వదిన, ఇటు తిరక్కుండానే.