మార్తమ్మ నర్సయిన నవల

ఎవరైనా సొంత బతుకును నవలగా రాశానంటే నేను తేలిగ్గా నమ్మను. ఓ చిన్న ప్రచురణ సంస్థలో రాతప్రతులు చదవడం నా పని. తమ గురించి రాసుకునేవాళ్లు తమకు నాలుగు మార్కులు ఎక్కువే వేసుకుంటారు. లెక్చరర్ శామ్యూల్ గారి నవలలో తండ్రి మంచాన పడతాడు, తెలివైన కొడుకు చదువు మానేసి కూలికెళ్లి అక్క మార్తమ్మను నర్సు చదివిస్తాడు. చదువుతూ ఏడ్చాను. కానీ చదువు మానేసినవాడు డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఎలా అయ్యాడు? అడిగితే, "నవల కద మేడం" అని తప్పించుకున్నాడు. "ఇది నా జీవితం" అని అట్ట మీద వేయాలట. ప్రెస్‌లో అచ్చు మొదలవడానికి రెండు రోజులే గడువుంది.

నిజమేదో ఆ అక్కనే అడుగుదామని ఉదయం ఎనిమిదింపావుకు మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ చూపాలి. కండక్టరమ్మ కార్డులోని ఫొటోను, నన్ను రెండుసార్లు పోల్చి చూసింది. తొమ్మిదిన్నరకు మొయినాబాద్‌లో దిగి, ఇడ్లీ తిని, నవలలోని ఊరు చిన్న మంగళారానికి ఆటో మాట్లాడుకున్నాను. ఎక్కకముందే కిరాయి తేల్చుకోవడం మంచిది. నవలలోని ఇల్లున్న చోట ఇప్పుడు ఫామ్‌హౌస్ గోడ ఉంది.

"ప్లాటు కొనెతందుకు వచ్చిన్రా?" అన్నాడు గేటు దగ్గరి ముసలి వాచ్‌మన్, నన్ను ఎగాదిగా చూస్తూ.

కాదు, నర్సు మార్తమ్మ గారి కోసమన్నాను.

"మార్తమ్మ నర్సెక్కడిదమ్మా? చేవెళ్ల మార్కెట్ల క్యారట్ కడుగుతది. కూలి జేసి తమ్మున్ని సదివిచ్చింది."

శామ్యూల్ దొరికిపోయాడనుకున్నాను. కోపం వచ్చింది. అక్క కష్టాన్ని తన పేరున రాసుకున్నాడన్నమాట.

మళ్లీ మొయినాబాద్ వచ్చి, బస్సు పట్టుకుని చేవెళ్లలో దిగేసరికి పదకొండున్నర. మార్తమ్మకు యాభై దాటి ఉంటాయి. నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఉంది, వేళ్లు నాని తెల్లబడ్డాయి. నేనెవరో చెప్పగానే ముఖం ముడుచుకుంది.

"మా తమ్ముడు పంపిండా? ఏడన్న సంతకం పెట్టాల్నా?"

సంతకం ఏమీ వద్దని, నవల కథంతా చెప్పాను.

"అండ్ల నేను నర్సునైన్నా?"

"అయ్యారు. తెల్లబట్టలు వేసుకుని మొదటిరోజు డ్యూటీకి వెళ్తారు."

"జర సదువు మేడం."

ఆ రెండు పేజీలు చదివి వినిపించాను. చేతులు నీళ్లలోనే ఉంచి వింది.

"నాకు నిజంగనే సీటొచ్చింది. ఆ ఫీజు పైసల్తోనే వాణ్ని కాలేజీల ఏసిన. మంచిగనే రాసిండు," అంది. చేతులు కొంగుకు తుడుచుకుని, "నౌకరి నాకిచ్చి నా కష్టం వాడు తీసుకున్నడు. ఆ నౌకరి ఉత్తది. కష్టమొక్కటే నాది ఉండె మేడం," అంది.



ఒంటిగంటా ఇరవైకి తిరుగు బస్సు దొరికింది. మొయినాబాద్ దాటాక శామ్యూల్ గారికి ఫోన్ చేసి, ఆమె అన్నది అన్నట్టుగా చెప్పాను.

"కూలికి పోయింది నేనే అని రాసుకున్నంకనే నాకు నిద్ర పట్టింది మేడం," అన్నాడు.

ఆ ఒక్క మాట నిజమని నమ్మాను. నమ్మి కూడా, ప్రెస్‌కు ఫోన్ చేసి పుస్తకం ఆపమన్నాను.