కోరుట్ల రేవులో కార్గో సారయ్య

కోరుట్లలో ఏది ఆలస్యమైనా దానికి కారణం సముద్రం మీదే ఉందని చెప్పగల మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన కార్గో సారయ్య. సముద్రం ఏ దిక్కున ఉందో ఊళ్లో సగంమందికి తెలియదు. సారయ్యకు మాత్రం అది బస్టాండు వెనకాలే ఉన్నట్టుండేది. జగిత్యాల బస్సు రాకపోతే, "రేవుల జాగ దొరకలే, బయట లంగరేసుకొని ఉన్నది" అనేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే భార్యను పల్లెత్తు మాట అనేవాడు కాదు. "సప్లయ్ తెగింది" అని సర్దుకుని తినేవాడు. ఆమె మాత్రం సర్దుకునేది కాదు. "ఉప్పు డబ్బీ పొయ్యి పక్కకే ఉన్నది, దానికి షిప్పెందుకు?" అనేది.

ఆయన పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు మధ్య. దుబాయి రేవులో కంటెయినర్లను బిగించి కట్టే పని చేశాడు. నడుము పట్టేశాక తిరిగొచ్చి, కోరుట్ల బస్టాండు ముందు ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నాడు. గల్ఫ్‌లో ఉన్న మగవాళ్లు ఇళ్లకు పంపే పెద్ద పెద్ద అట్టడబ్బాలు ఓడలో బొంబాయి దాకా, అక్కడి నుంచి లారీలో సారయ్య షట్టర్ దాకా వచ్చేవి. వాటిని ఇల్లిల్లూ తిరిగి అప్పజెప్పడం ఆయన పని. అప్పజెప్పడం కంటే అవి ఎందుకు రాలేదో చెప్పడమే ఆయనకు ఎక్కువ ఇష్టమని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లూ అదే అనేవారు.

బీడీలు చుట్టే బాలలక్ష్మికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆమె భర్త విఠల్ షార్జాలో తాపీ పని చేసేవాడు. ఏటా బతుకమ్మ పండుగకు అతని డబ్బా దిగేది. ఆ ఏడాది, తెలంగాణ ఇస్తామన్న మాట ఢిల్లీలో వచ్చి మళ్లీ వెనక్కి పోయి ఊరూరా దీక్షా శిబిరాలు లేచిన ఆ చలికాలం నాటికి, బతుకమ్మా పోయింది, దీపావళీ పోయింది. డబ్బా మాత్రం రాలేదు. విఠల్ ఫోను చేస్తే రెండే ముక్కలు. "డబ్బా ఏసిన. సారన్నను అడుగు." అంతే, పెట్టేసేవాడు.

కార్ఖానాలో బీడీ కట్టలు అప్పజెప్పి, ఖాళీ చాట చంకన పెట్టుకుని బాలలక్ష్మి నేరుగా సారయ్య షట్టర్ ముందుకు వచ్చి నిలబడేది.

"అన్నా, మా డబ్బా?"

"సోమాలియా కాడ దొంగలు పడ్డరు చెల్లె. షిప్పులన్ని చుట్టు తిరిగి అస్తున్నయి."

మళ్లీ వారం పోతే, "దొంగల సంగతి అయిపోయింది గని, ఆయిల్ మిగులుతదని షిప్పులను మెల్లగ తోలుతున్నరు. ఎడ్లబండి లెక్క పోతున్నయి" అనేవాడు.

పక్కన చాయ్ హోటల్ బాలరాజు ఊరుకునే రకం కాదు. "సారన్నా, దుబాయి నుంచి బొంబాయికి అచ్చెటప్పుడు సోమాలియా ఎందుకు తాకుతది? అది ఆఫ్రికల ఉన్నదట గదనే!"

"ఓరి బాలరాజూ, మెట్‌పల్లి కాడ లారీ బోర్ల పడితె కోరుట్లల బస్సులు ఆగుతలేవా?"

"ఆగుతయి."

"సముద్రం గూడ రోడ్డే. నువ్వు ముందుగాల నీ చాయ్‌ల నీళ్లు తగ్గియ్యి."

రాస్తారోకో జరిగిన రోజు సారయ్యకు పండుగ. ప్రపంచమంతా ఒక్కటేనని నిరూపించడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. "సూడుండ్రి! ఆడ దొంగలు షిప్పును ఆపిండ్రు, ఈడ మనోళ్లు లారీని ఆపిండ్రు. మనోళ్లు నయం, ఆపినోళ్లకు పులిహోర గూడ పెడుతున్నరు" అంటూ, రోడ్డు మీద వండిన పులిహోర తానే ముందు విస్తరేసుకుని తినేవాడు.

ఒకనాడు దీక్షా శిబిరంలో ఆయన చేతికి మైకు దొరికింది. మైకు ఇచ్చినవాడు ఆ తరువాత చాలా రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. "మన రాష్ట్రం అస్తది, అందుల అనుమానం లేదు" అని మొదలుపెట్టాడు సారయ్య. చప్పట్లు మోగాయి. "గని అచ్చినంక మనకు రేవు ఏది?" చప్పట్లు ఆగిపోయాయి. "భయపడకుండ్రి! సముద్రం లేని దేశాలు ఎన్ని లేవు? జగిత్యాల ఖిల్లా పక్కకు నీళ్లు లేని పొడి రేవు కట్టుకుందాం. కంటెయినర్లు రైలు మీద అస్తయి!" ఎవరో వెనక నుంచి, "జగిత్యాలకు రైలే సరిగ లేదు, దిగు అన్నా" అని అరిచారు. సారయ్య దిగాడు కానీ, జగిత్యాలకు రేవు మంజూరైనంత తృప్తిగా దిగాడు.

బాలలక్ష్మికి నవ్వొచ్చేది. కానీ ఇంటికి పోతే నవ్వడానికి వీలు లేకపోయేది. అత్త గంగవ్వ గడప దగ్గరే కూర్చుని ఉండేది. ఆ వాడలో డబ్బా వచ్చిందంటే దాన్ని నలుగురి ముందూ విప్పాలి. వాకిట్లో చాపలు పరిచి, వాడంతా చుట్టూ కూర్చుని, ఇంటికో సబ్బో బామ్ డబ్బీయో పంచుకోవాలి. అది ఎప్పుడూ ఉన్న మర్యాద. మిగతా ఇళ్ల వాకిళ్లలో చాపలు పరుచుకుంటున్నాయి. గంగవ్వకు వాళ్లు సబ్బు ఇస్తే తీసుకోవడం మానేసింది. "తిరిగి ఇయ్యనీకి మనకాడ ఏమున్నది?" అనేది. విఠల్ అక్కడ ఎవరినో చేసుకున్నాడట అన్న మాట కూడా ఏదో ఇంటి నుంచి బయల్దేరింది. ఆ మాటకు సోమాలియా అడ్డం రాలేదు. ఒక్క పూటలో వాడంతా తిరిగి గంగవ్వ చెవిన పడింది. ఆమె అన్నం మానేసింది.

పక్కింటి డబ్బా దింపడానికి సారయ్య వచ్చిన రోజున గంగవ్వ ఆయన చేయి పట్టుకుంది.

"సారయ్యా, నీ షిప్పులొద్దు, నీ దొంగలొద్దు. నా కొడుకు మమ్ములను మరిసిండా? గదొక్కటి చెప్పు."

సారయ్య నోరు తెరిచాడు. ఏదో ఒక ఓడ వస్తుందని బాలలక్ష్మి చూసింది. రాలేదు. "లేదవ్వా" అని మాత్రం అని, చేయి విడిపించుకుని, తోపుడు బండి తోసుకుంటూ పోయాడు. బాలలక్ష్మికి అప్పుడు నిజంగా భయమేసింది. సారయ్యకే ఓడ దొరకలేదంటే లోపల సంగతి ఎంత పెద్దదై ఉండాలి!

ఆ వెంటనే వచ్చిన వారంలో డబ్బా దిగింది.

తోపుడు బండి మీద, తాళ్లతో బిగించి, నాలుగు పక్కలా విఠల్ పేరు రాసి ఉంది. "సొట్ట లేకుంట అచ్చింది, సముద్రానికి దండం పెట్టుండ్రి!" అని సారయ్య వీధి చివర నుంచే కేక వేశాడు. చాపలు పడ్డాయి. వాడంతా కూర్చుంది. గంగవ్వ తానే తాళ్లు కోసింది. పాలపొడి, సబ్బులు, బామ్ డబ్బీలు, అత్తరు సీసా, మెత్తటి పెద్ద రగ్గు. సీసా పగలకుండా సందుల్లో తువ్వాలలు కుక్కి ఉన్నాయి.

ఎదురింటి కిష్టవ్వ ఒక తువ్వాల తీసి అంచు పట్టి చూసింది. "ఏందుల్లా, గిది సిరిసిల్ల తువ్వాల లెక్కున్నది?"

అందరి తలలూ తువ్వాల మీదికి వంగాయి. సారయ్య గొంతు సవరించుకున్నాడు.

"మరి గిదే గద కిష్టవ్వా ట్రేడంటె! సిరిసిల్లల నేస్తరు, బొంబాయిల ఎక్కిస్తరు, దుబాయిల దించుతరు. మనోళ్లు ఆడ కొని మల్ల ఈడికి పంపుతరు. సరుకు తిరుగుతనే ఉండాలె. ఆగిందా, ప్రపంచం మునిగినట్టే!"

"మన దిక్కు తువ్వాల దుబాయి పోయచ్చిందా!" అని కిష్టవ్వ దాన్ని గౌరవంగా భుజాన వేసుకుంది.

బాలలక్ష్మి ఇంకొకటి ముక్కు దగ్గర పెట్టుకుంది. గంజి ఇంకా కరకరలాడుతోంది. ఓడలో నెలలపాటు మగ్గిన వాసన లేదు. ఈ తువ్వాల చేసిన విదేశీ ప్రయాణమంతా సిరిసిల్ల నుంచి కోరుట్లకు, వేములవాడ మీదుగానే జరిగిందని ఆమెకు తెలిసిపోయింది. కానీ గంగవ్వ అప్పటికే లేచి, ఇంటింటికీ సబ్బులు పంచుతోంది. పంచి, లోపలికి పోయి, అడగకుండానే అన్నం పెట్టుకుంది. బాలలక్ష్మి తువ్వాల మడిచి లోపల పెట్టింది.

మర్నాడు షట్టర్ ముందు నిలబడి మామూలుగా అడిగింది. "అన్నా, తువ్వాలలు మంచిగున్నయి. ఎవరింట్ల నేసినయి?"

"మా తమ్మునింట్లనే! అసొంటి అంచు ఎవ్వడు..." సారయ్య ఆగిపోయాడు.

బాలలక్ష్మి చంకలోని చాట కింద పెట్టింది.

"మా ఆయన ఉన్నడా అన్నా?"

"అయ్యో, ఉన్నడు చెల్లె! మంచిగనే ఉన్నడు. కంపెనీ మునిగింది, మనిషి మునుగలే. జీతాలు ఆగినయి. క్యాంపులనే ఉన్నడు. పండుగ ముందట నాకు ఫోన్ చేసి, 'డబ్బా ఏస్తలేను, మా అవ్వకు చెప్పకు, షిప్పుల ఉన్నదను' అన్నడు. షిప్పులైతె నాకు చాతనైతది గద..."

"డబ్బా ఎవలు కట్టిండ్రు?"

"రగ్గు మీ వదినది. బామ్ డబ్బీలు నా నడుముకు తెచ్చుకున్నయి. మిగిలినయి బజార్ల దొరికినయి. తువ్వాలల కాడనే తప్పు జేసిన."

"గంతేనా?" అంది బాలలక్ష్మి. తన బుర్రలో ఇన్నాళ్లూ తిరిగిన భయాలతో పోలిస్తే అది నిజంగా గంతే. "ఫోన్ కలుపు."

అటు నుంచి విఠల్ గొంతు భయం భయంగా వచ్చింది. ఆమె అతన్ని మాట్లాడనివ్వలేదు. "డబ్బా అందింది. ఇగ నువ్వు రా."

విఠల్ వచ్చిన రోజున కూడా బంద్ ఉంది. జగిత్యాల నుంచి కొంత దూరం ఆటోలో, కొంత దూరం నడిచి, చేతిలో ఒకే సంచితో వీధిలోకి దిగాడు. గల్ఫ్ నుంచి ఒకే సంచితో వచ్చిన మనిషిని వాడ ఎలా చూస్తుందో అలాగే చూసింది. గంగవ్వ కొడుకు మొహం తడుముతూ ఉండగానే, బంద్‌కు హోటల్ మూసి సారయ్యతో కలిసి వచ్చిన బాలరాజు అడగనే అడిగాడు.

"ఏం విఠలూ, గిట్ల అర్ధంతరంగ అచ్చినవ్?"

విఠల్ తల దించుకున్నాడు. బాలరాజు పక్కన సారయ్య గొంతు సవరించుకున్నాడు. కానీ బాలలక్ష్మే ముందు అందుకుంది.

"ప్రపంచంల సరుకు కొనెటోళ్లు తక్కువైండ్రు. సరుకు లేక షిప్పులు సింగపూర్ కాడ ఖాళీగ నిలవడ్డయి. షిప్పులు నిలవడితె దుబాయి నిలవడ్డది. దుబాయి నిలవడితె కంపెనీలు మనుషులను తోలుతున్నయి. గందుకే అచ్చిండు."

వాడంతా ఒక్కసారి గొల్లుమంది. "సారన్న గాలి గీమెకు గూడ తగిలింది!" అని బాలరాజు కడుపు పట్టుకున్నాడు.

"నవ్వకుండ్రి! అందుల ఒక్క ముక్క అబద్ధం లేదు!" అని సారయ్య మొత్తుకున్నాడు. ఆయన అంత నిజం మీద ప్రమాణం చేయడం అదే మొదలు. అందుకే ఎవరూ నమ్మలేదు.

గంగవ్వ మాత్రం నవ్వలేదు. కొడుకు చేయి వదలకుండానే ఆయన వైపు తిరిగింది.

"గా షిప్పులు నిలవడ్డయంటె నిజమేనా, సారయ్యా?"

"నిజమవ్వా, నీ మీద ఒట్టు."

"అయితె ఇంకో ఏడాది గట్లనే నిలవడనియ్యి."

సారయ్య బస్టాండు దిక్కు చూశాడు.

"సరే అవ్వా," అన్నాడు. "నేను మాట్లాడి సూస్త."