నాకు బియ్యం పోయలేదట!

మా ఆఫీసులో పనిచేసే సుజాత ఈ రోజు అమీర్‌పేటలోని తన ఇంటికి భోజనానికి రమ్మని పిలిచింది. నిన్న సాయంత్రం పంజాగుట్ట మెట్రో మెట్లు ఎక్కుతూ అడిగితే "తప్పకుండా వస్తా" అన్నాను. నిజానికి ఆదివారం పూట గడప దాటే ఉద్దేశమే నాకు లేదు. పొద్దున పదింటికి గొంతులోకి కాస్త నీరసం తెచ్చుకుని ఫోన్ చేశాను.

"తలనొప్పిగా ఉంది సుజాతా, ఏమీ అనుకోకు. పాపం, నా కోసం వండేసి ఉంటావు."

"నీకు వండలే అక్కా" అంది.

నా నీరసం ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. "అదేంటి?"

"వచ్చేదుంటే 'ఏం కూర' అని అడుగుతవ్ గదా. రానిదుంటేనే 'తప్పకుండా' అంటవ్. గందుకే నీకు బియ్యం పొయ్యలే. ఫికర్ చెయ్యకు, పండుకో."

నాలుగేళ్లుగా ఎంతో మర్యాదగా ఆడుతున్నాననుకున్న అబద్ధం ఆమెకు కంఠతా వచ్చు! సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి "సరే, వచ్చే ఆదివారం నువ్వే మా ఇంటికి రా" అన్నాను.

"తప్పకుండా వస్తక్కా!" అంది.

అప్పటి నుంచి ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. మీరే చెప్పండి, వచ్చే ఆదివారం ఆమెకు బియ్యం పోయాలా, వద్దా?