కంపెనీ పాట

టియో ఒనింగ్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. సిమ్ కంపెనీవాళ్ళు తమ ముద్ర కొట్టి, తమ చెత్తంతా లోపల కూరి అమ్మిన ఫోనుని ఆయన కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఆ బిడ్డకి లేని అవలక్షణం లేదు. ఆయనకి అవన్నీ ముద్దే.

ఫిలిప్పీన్స్‌లోని దుమగెతె బజారులో ట్రైసికిల్ ఆటో నడుపుకునే మనిషి. ఆయన్ని టియో, అంటే మామయ్యా, అని పిలిచే మేనకోడలు జోవెలిన్‌ది అదే బజారులో ఫోన్ల దుకాణం. కంపెనీ ఫోన్లలోంచి కంపెనీని తరిమెయ్యడం ఆమె వృత్తి. ఊళ్ళో సగం ఫోన్లకి విముక్తి ప్రసాదించిన పిల్లకి సొంత మేనమామే ఇలా దొరికాడు.

"టియో, ఇదే ఫోను బయట విడిగా కొన్నవాళ్ళకి కొత్త సాఫ్ట్‌వేర్ పోయిన క్రిస్మస్‌కే వచ్చేసింది. నీకు ఇంకా రాలేదు."

"వస్తుందిలేవే. మా కంపెనీవాళ్ళు ముందు రుచి చూసి, ఉప్పూ పులుపూ సరిచేసి పంపుతారు."

"రుచి చూడ్డానికి ఏడాదా?"

"పెద్ద వంట మరి!"

వేరే కంపెనీ సిమ్ వేస్తే ఆ ఫోను మొహం తిప్పుకుంటుంది. "అంత నియమం మన ఫాదరుగారికి కూడా లేదు" అని మురిసిపోయేవాడు. ఇక కంపెనీ దయతలచి లోపల పెట్టిన యాప్‌లు చెప్పక్కర్లేదు. జాతకాలది ఒకటి, బాస్కెట్‌బాల్ స్కోర్లది ఒకటి, ఎందుకో కంపెనీకీ తెలియనివి మరికొన్ని.

"వీటిలో ఒక్కటైనా ఎప్పుడైనా తెరిచావా?"

"లేదు."

"మరి ఎందుకు?"

"తీసి చూడు. పోవు!" అన్నాడు గర్వంగా. "మీ అత్తయినా అలిగి పుట్టింటికి పోతుంది. ఇవి పోవు."

అన్నిటికన్నా ఘోరం కంపెనీ పాట. ఫోను ఆన్ చెయ్యగానే తెరమీద కంపెనీ గుర్తు గిరగిరా తిరుగుతుంది, ఆ వెంటే పాట అందుకుంటుంది. దాన్ని ఆపడానికి లేదు, తగ్గించడానికి లేదు. లోపలున్న యాప్‌ల సంసారమంతా నిద్రలేచి మొహం కడుక్కునేదాకా మళ్ళీ మళ్ళీ అదే పాట. టియో ఒనింగ్ రోజూ సాయంత్రం, అంగళ్ళు కట్టేసే వేళకి, సందు చివర బండి ఆపి, బాగున్న ఫోనుని పనిగట్టుకుని ఆపి మళ్ళీ ఆన్ చేసేవాడు.

"ఒనింగ్‌గారి పూజ మొదలైంది! టోపీలు తియ్యండిరా!" అని చేపలమ్మే నేనెంగ్ అరిచేది. అందరూ నవ్వేవాళ్ళు. జోవెలిన్ మాత్రం దుకాణంలో తల దించుకునేది. ఫోన్ల డాక్టరు ఇంట్లోనే ఇంత రోగం ఉంటే ఆ డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు?

అందుకే ఆయన అరవయ్యో పుట్టినరోజుకి గొప్ప కానుక ఇచ్చింది. ఆయన పన్సిత్ నూడుల్స్ తింటుండగా ఫోను కాజేసి, కంపెనీ సరుకంతా ఊడ్చి, శుభ్రమైన సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెచ్చింది. ఆయన ఆన్ చేశాడు. కన్ను మూసి తెరిచేలోగా ఫోను లేచి కూర్చుంది, చప్పుడు లేకుండా.

"పాటేదే?"

"పోయింది, టియో!"

"ఎక్కడికి?"

"శాశ్వతంగా!"

"చాలా బాగుందే" అని, ఆయన పళ్ళెం పక్కన పెట్టి బండి తాళాలు తీసుకున్నాడు. ఆయుష్షు కోసం తినే పుట్టినరోజు నూడుల్స్‌ని సగంలో వదిలేసిన మనిషిని జోవెలిన్ అంతవరకూ చూడలేదు. హడలిపోయి వెనకే పరిగెత్తింది.

సందు చివర ఆయన బండి పక్కన నిలబడి ఫోనుని ఆపుతున్నాడు, ఆన్ చేస్తున్నాడు. అది బుద్ధిమంతురాలిలా నోరు మెదపడం లేదు. పైన మబ్బు కమ్ముకొస్తోంది. సందు అవతలి చివర వెల్లుల్లి అమ్మే ముసలమ్మ లోలా పాసింగ్ కొట్టు కట్టేసి, గంప ఒళ్ళో పెట్టుకుని, చెవి ఇటు పడేసి కూర్చుంది. ఆమెకి చూపు పోయి చాలాకాలమైంది. పౌరుషం మాత్రం చెక్కు చెదరలేదు.

"ఏం ఒనింగ్, ఇవాళ పూజ లేదా?" అంది నేనెంగ్. "లోలా ఇంకా లేవలేదు, చూడు."

జోవెలిన్‌కి అప్పటికి వెలిగింది. "వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చుగా, టియో!"

"ఒకసారి పట్టుకున్నాను." ఆయన పంట్లాం పైకి లాగి, మోకాటి కింద కర్ర దెబ్బ మచ్చ చూపించాడు. "జాలిపడ్డావనుకుందో, అంతే. పాటయితే నా పిచ్చికి నేను పెట్టుకున్నట్టుంటుంది. దాన్ని పట్టుకుని తనంతట తనే నడిచొచ్చి, 'మా ఇంటివైపేనా' అంటుంది. 'అటే లోలా' అంటాను."

"మనిల్లు ఇటు కదా!"

"నీ పని నువ్వు చూసుకో."

ఆమె పనే అది మరి. ఫోను లాక్కుని దుకాణంలోకి దూరింది. దాచి ఉంచిన కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని, బతుకంతా తరిమి తరిమి కొట్టినదాన్ని, బతిమాలి మళ్ళీ లోపలికి పిలవడం మొదలుపెట్టింది. టియో కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఒక్క యాప్ కూడా వదలకు. తొందరగా లేస్తే కుదరదు."

"జాతకాలది కూడానా?"

"అది లేకపోతే ఆవిడ బండికి రెండడుగుల ముందే పాట ఆగిపోతుంది!"

ఎక్కిస్తున్నంతసేపూ ఉరుములు. తొలి చినుకు రాలేసరికి బజారంతా కంపెనీ పాట మార్మోగింది. జన్మలో మొదటిసారి జోవెలిన్‌కి అది పాటలా వినిపించింది. అవతల లోలా పాసింగ్ లేచింది. గంప చంకన పెట్టుకుని, కర్ర ఆడిస్తూ, దారికి అడ్డున్న బుట్టల్ని తిట్టుకుంటూ నడిచొచ్చింది. చెయ్యి బండి కప్పుకి తగిలింది. పాట ఆగింది.

"ఏరా ఒనింగ్, ఇంత ఆలస్యమేం? మా ఇంటివైపేనా?"

"అటే లోలా."

"నీ మేనకోడలికి ఫోన్ల దుకాణం ఉందిగా. ఆ దరిద్రపుగొట్టు పాట తీసెయ్యమనరాదూ?"

టియో ఒనింగ్ మేనకోడలి వంక చూశాడు. నేనెంగ్‌తో సహా బజారంతా చూసింది.

"అది తియ్యడానికి రాదు, లోలా" అంది జోవెలిన్.

"ఆమాత్రం చేతకానిదానివి, నీకెందుకమ్మా దుకాణం?" అని లోలా పాసింగ్ దర్జాగా బండెక్కి కూర్చుంది.